నాయన చెయ్యి పెట్టిన పెట్టె

మా నాయన తమిళనాడులో, విరుదునగర్ శివార్లలోని ఒక పవర్‌లూమ్ షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా నేత పని చేశాడు. ఆ షెడ్డులో పక్క మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. పని మానే నాటికి ఆయన చెవులు దాదాపుగా పోయాయి. పోయింది బయటి వినికిడి మాత్రమే. మగ్గం చప్పుడు మాత్రం ఆయన తలలోనే ఉండిపోయింది.

అమ్మ చనిపోయాక ఆయన్ని కోవిల్‌పట్టికి, నా దగ్గరికి తీసుకొచ్చాను. నాది మైక్‌సెట్ పని. పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ స్పీకర్లు కడతాను. చెడిపోయిన యాంప్లిఫయర్లు బాగుచేస్తాను. ఇంటి ముందున్న రేకుల పందిట్లో స్పీకర్ పెట్టెలు కూడా నేనే కోసి బిగిస్తాను. వచ్చిన కొత్తలో నాయన పందిట్లోకి వచ్చి అడిగేవాడు.

"ఒరే, ఆ మగ్గము ఎవురు నడుపుతా ఉండారు? కొంచెము సేపు నిలపమను."

మా వీధిలో మగ్గమే లేదు. ఆయనకు మతి తప్పిందేమోనని నేను భయపడ్డాను. నా భార్య అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. రోజంతా యంత్రాల మధ్య ఉండే మనిషి కాబట్టి, సంగతి నాకంటే ముందు ఆమెకే అర్థమైంది. "మామకి తెలుసు, ఎవురూ నడపలేదని. తాళలేక అడగతా ఉండాడు," అంది.

ఆ రోజుల్లోనే విరుదునగర్ నుంచి ఒకాయన వచ్చాడు. పప్పుమిల్లులో గుమాస్తా. ఆదివారాలు చర్చిలో బేస్ గిటార్ వాయిస్తాడు. ఆయన ఇంట్లోనూ మా ఇంట్లో లాగే తెలుగే. ఆయన దగ్గరున్న పాత స్పీకర్ పెట్టెను ఎత్తాలంటే ఇద్దరు కావాలి.

"అన్నా, నాకి సిన్న పెట్టె కావాల. బస్సులా కాళ్ల కాడ పెట్టుకోని పొయ్యేటట్ట ఉండాల. సద్దు మాత్రము తగ్గకూడదు."

ఈ రెండూ ఒకచోట కుదరవు. బేస్ గిటార్ లావు తీగ పలకాలంటే స్పీకర్ చాలా గాలిని కదపాలి. చిన్న పెట్టెలో ఆ గాలికి చోటు చాలదు. అది గోడల మీద పడుతుంది. గోడలు బలంగా లేకపోతే అవి కూడా పాడటం మొదలుపెడతాయి, స్వరం చెడిపోతుంది. అందుకని మందపాటి ప్లైవుడ్ తెచ్చాను. పది అంగుళాల స్పీకర్ ఒక్కటి పెట్టాను. గాలి వచ్చిపోవడానికి ముందు పలకలో ప్లాస్టిక్ గొట్టం ముక్క బిగించాను. వాయించి చూసుకోవడానికి నా దగ్గర ఒక పాత బేస్ గిటార్ ఉంది. మొదటి పెట్టె పనికిరాలేదు. ఒక్క స్వరం దగ్గర గర్జించి, మిగతావాటి దగ్గర మూలిగింది. రెండోది కొంత నయం, కానీ లావు తీగ మీటినప్పుడల్లా ఎక్కడో గరగరమనేది. రెండు రోజులు వెతికాను. మరలన్నీ విప్పి మళ్లీ బిగించాను. ఆ గరగర ఎక్కడిదో దొరకలేదు.

మూడో రోజు నాయన స్టూలు మీంచి లేచి వచ్చి, నేను వాయిస్తుండగానే పెట్టె పక్క పలక మీద అరచెయ్యి పెట్టాడు. జ్వరం చూసినట్టు మెల్లగా జరుపుతూ పోయి ఒకచోట ఆపాడు.

"ఈడ. ఈ పలక ఒంటిగా ఊగతా ఉండాది. లోపల ఒక కట్టె ఎయ్యి."

ఆయన చూపిన చోట లోపలివైపు అడ్డంగా ఒక కట్టె వేశాను. గరగర పోయింది. షెడ్డులో ఏ మగ్గం ఎక్కడ చెడిందో ఆయన అలాగే చెయ్యి పెట్టి చెప్పేవాడని అప్పుడు గుర్తొచ్చింది. ఆ తర్వాత ప్రతి పలకా ఆయన చెయ్యి దాటాకే బిగించాను. పెట్టె లోపల పరచడానికి నూలుమిల్లు నుంచి దూది తెచ్చాను. దాన్ని కూడా ఆయనే కూర్చుని వేళ్లతో విడదీశాడు.

పెట్టె పూర్తయిన సాయంత్రం లావు తీగ మీద ఒకే స్వరాన్ని సాగదీసి వాయించాను. నాయన రెండు అరచేతులూ పెట్టె మీద ఆనించి కూర్చున్నాడు. కాసేపటికి ఆయన ముఖం మారింది.

"నిలిపినారు," అన్నాడు.

నేను చేత్తో ఏమిటని అడిగాను.

"మగ్గమురా. నిలిపినారు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను వాయించడం ఆపాను. కొంతసేపు అలాగే ఉండి, "మళ్లా పెట్టినారు," అన్నాడు. వేళ్లు మండేదాకా మళ్లీ వాయించాను. ఆ రోజు నుంచి సాయంత్రం అరగంట ఆయన కోసం వాయించడం అలవాటైంది. కొన్నిసార్లు కూర్చున్నచోటే నిద్రపోయేవాడు.

పై పలక అంటించేటప్పుడు జిగురు చేత్తో గట్టిగా అదిమి పట్టుకున్నది ఆయనే. పెట్టెకు ముదురు రంగు పూశాక అది బయటపడింది. జిగురు అంటిన చోట రంగు పట్టలేదు. మగ్గం కొట్టి వంకరపోయిన చిటికెన వేలుతో సహా ఆయన అరచెయ్యి తెల్లగా పై పలక మీద తేలింది. గరుకు కాగితంతో రుద్దబోయి, చేతులు రాక వదిలేశాను.

గుమాస్తా రెండుసార్లు ఫోన్ చేశాడు. ఏవో సాకులు చెప్పి రెండు వారాలు గడిపాను. చివరికి ఆయనే వచ్చాడు, చర్చిలో పండుగ దగ్గరపడిందన్నాడు. ఆయన పెట్టెను ఆటోలో పెట్టుకుంటుంటే నాయన గుమ్మంలో నిలబడి చూశాడు. పెట్టె ఉన్న చోట నేల మీద దుమ్ము పేరుకుని ఉంటే, భుజం మీది తువ్వాలు తీసి తుడిచాడు. నీకు ఇంకొకటి చేస్తానని సైగ చేశాను.

"సరి సరి. నీ వేలె చూసుకో," అని నన్ను పనికి పొమ్మన్నాడు.

పలకలు ఆరూ కోసి పెట్టాను. అంతలో తిరునాళ్లు మొదలయ్యాయి. ఒక రోజు కడంబూరు, ఒక రోజు తిరుత్తంగల్. ఇంట్లోని స్పీకర్లన్నీ నాతోనే తిరుగుతున్నాయి. నాయన గ్రైండర్ దగ్గర కూర్చుంటున్నాడని నా భార్య చెప్పింది. పిండి రుబ్బడం అయిపోయినా ఆపవద్దంటున్నాడట. ఆమె ఉత్త నీళ్లు పోసి రాయి తిరగనిస్తోందట. ఒక మధ్యాహ్నం నేనే చూశాను. వంటింటి నేల మీద కూర్చుని, గ్రైండర్‌ను రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. నన్ను చూడలేదు. వైర్ల చుట్ట తీసుకుని నేను మళ్లీ పనికి వెళ్లిపోయాను. అప్పుడు పలకలు బిగించడానికి ఒక్క పూట చాలేది.

వారం తర్వాత ఒక ఉదయం నా భార్య కాఫీ తీసుకెళ్తే ఆయన గోడకు ఆనుకుని ఉన్నాడు. ప్రాణం లేదు. ఒక అరచెయ్యి నేల మీద పరిచి ఉంది.

నాలుగు నెలలు గడిచాక విరుదునగర్ నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నా, కోపము పడొద్దు. పెట్టెలా సద్దు వస్తా ఉండాది. నేను వాయించనప్పుడు."

"వైరు తీసి చూడు," అన్నాను.

"తీసినాక కూడా ఉండాది. సెవికి గాదు, సెయ్యికి తెలస్తా ఉండాది."

"ఎట్లా ఉండాది?"

"టక్కు టక్కని. మగ్గము మాదిరి."

నాయన చెవుల సంగతి నేను గుమాస్తాకు ఎప్పుడూ చెప్పలేదు.

మరునాడు బస్సెక్కాను. ఆ పూట విరుదునగర్‌లో మరమ్మతుల కోసం కరెంటు తీసేశారు. చర్చి హాల్లో ఫ్యాన్లు కూడా తిరగడం లేదు. పెట్టె ఒక మూల బల్ల పక్కన ఉంది. తెల్లని చెయ్యి గుర్తు మీద నా చెయ్యి పెట్టాను. నా చెయ్యి కొంచెం చిన్నది.

ఉంది. చాలా లోతు నుంచి, ఒకే వేగంతో.

"ఉండాదా?" అని గుమాస్తా మూడడుగుల దూరంలోంచి అడిగాడు.

"ఉండాది."

నేను శబ్దంతో బతికేవాణ్ణి. బయటికి వెళ్లి చుట్టూ తిరిగి చూశాను. వెనక ఒక గోడౌను, తాళం వేసి ఉంది. రోడ్డు ఖాళీ. రైలు పట్టాలు దూరం. లోపలికి వచ్చి మరలు విప్పి స్పీకర్ బయటికి తీశాను. నాయన విడదీసిన దూదిని పిడికిళ్లతో లాగి గుడ్డ మీద పెట్టాను. ఖాళీ పెట్టెలో చెయ్యి పెట్టి, ఆయన వేయమన్న అడ్డుకట్టెను పట్టుకున్నాను. ఆ కట్టె కూడా అదురుతోంది. దూది నింపి మళ్లీ బిగించేసరికి నా చొక్కా తడిసిపోయింది.

"తీసుకోని పో అన్నా," అన్నాడు గుమాస్తా. "బయపడి సెప్పతా ఉండేది గాదు. ఎవురో కాసుకోని ఉండినట్ట ఉండాది. ఒంటిగా ఈడ ఇడిసిపెట్టేకి మనసు రాలేదు."

పెట్టెను ఒళ్లో పెట్టుకుని తిరిగి వచ్చాను. బస్సులో అన్నీ అదురుతాయి కాబట్టి ఆ ప్రయాణమంతా నాకేమీ తెలియలేదు. ఇంటికి రాగానే దాన్ని పందిట్లో దించి, గిటార్ వైరు కలిపి, లావు స్వరం పట్టుకున్నాను. నాయన పోయాక నేను గిటార్ ముట్టడం అదే మొదలు. నా భార్య చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఎవురికి వాయిస్తా ఉండారు?"

ఆమె నా ముఖం చూసి, వచ్చి ఎదురుగా కూర్చుంది. అరగంట వాయించి ఆపాను. పెట్టె మీద చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. ఉత్త చెక్క.

మరునాడు పొద్దున మళ్లీ ఉంది. సాయంత్రం వాయిస్తే నిలిచింది. ఏడాదిగా ఇలాగే జరుగుతోంది. ఊరెళ్లిన రోజు మాత్రం వాయించడం కుదరదు. ఆ రోజు నా భార్య పందిట్లోకి వెళ్లదు.

గుమాస్తాకు వేరే పెట్టె చేసిచ్చాను, నాయన కోసం కోసి పెట్టిన ఆ ఆరు పలకలతోనే. పలకల అదురు చూసిపెట్టే మనిషి లేడు కాబట్టి, చెవుల్లో దూది కుక్కుకుని నేనే చెయ్యి పెట్టి వెతికాను. మొదట్లో ఏమీ తెలిసేది కాదు. కొన్ని రోజులకు చెయ్యికి అలవాటైంది, తప్పు పలక తెలిసింది. అందులో ఏ సద్దూ లేదని, చర్చిలో అందరూ మెచ్చుకున్నారని గుమాస్తా ఫోన్ చేశాడు. ఇప్పుడు మదురై నుంచి కూడా అలాంటి చిన్న పెట్టెలు అడుగుతున్నారు. అన్నీ దూది పెట్టుకునే చేస్తున్నాను.

మొన్న ఒక పెట్టె మీద వంగి ఉండగా ఎవరో భుజం పట్టి గట్టిగా కుదిపారు. తిరిగి చూస్తే నా భార్య. పెదవులు కదులుతున్నాయి, మాట వినపడలేదు. తనే నా చెవుల్లోంచి దూది లాగేసింది.

"ఎంత సేపు పిలిసేది? మీరు ఏమి అడిగినారో తెలుసా?"

నేనేమీ అడగలేదన్నాను.

"అడిగినారు. ఆ మగ్గము కొంచెము సేపు నిలపమను అని గట్టిగా అరిసినారు."

ఆమె దూదిని పిడికిట్లో పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను ఆ పెట్టెకు మిగిలిన రెండు మరలూ బిగించి, చేతులు కడుక్కుని ఆమె వెనకే లోపలికి వెళ్లాను.