మెడకు కాన్వాసు, వేళ్లకు గిటారు

ఆ రోజుల్లో సూర్యాపేటలో గిటారు నేర్చుకుంటున్నానని చెప్పడం కంటే మెడ పట్టేసిందని చెప్పడమే మర్యాదగా ఉండేది. మాటవరసకు అనడం లేదు, మూడు వారాలు అలా చెప్పుకునే బతికాను. మిర్యాలగూడ రైసుమిల్లులో కంప్యూటర్ ముందు ఉద్యోగం, పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు, మధ్యలో ఉన్నట్టుండి ఈ గిటారు పిచ్చి. మా నాన్న వైపు, అమ్మ వైపు కలిపి వెతికినా గొర్ల మందను కాసినవాళ్లే గాని తీగ మీటినవాడు ఒక్కడూ లేడు. నా గురువు మా వీధి చివరి కటింగ్ మాస్టరు. వారమంతా ప్యాంట్లు కుట్టి, ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. నా జబ్బును ఆయన మొదటి వారమే కనిపెట్టాడు. జి కార్డు నుంచి సి కార్డుకు, అంటే తీగల మీద వేళ్ల పట్టు ఒకటి వదిలి ఇంకోదానికి మారాలంటే నేను తల వంచి వేళ్లు ఎక్కడున్నాయో చూసుకునేవాణ్ని. చూసుకునేలోపు పాట వెళ్లిపోయేది.

"మిషన్ తొక్కేటోడు కాళ్ల దిక్కు సూస్తడా తమ్మీ? వేళ్లు గూడ గంతే," అన్నాడు మాస్టరు. చెబితే వినే రకం కాదని తేలాక, చొక్కా కాలర్లలో వేసే కాన్వాసు నాలుగు పొరలు కలిపి ఒక పట్టీ కుట్టి, నా మెడకు చుట్టి, వెనక హుక్కులు పెట్టేశాడు. నా గడ్డం ఆకాశానికి లేచింది. గిటారు సంగతి సరే, నా చొక్కా గుండీలు కూడా నాకు కనిపించడం మానేశాయి. (కొలతలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం, దారం ఎడం కూడా లేదు.)

ఆ ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని ఎఫ్ కార్డు పడుతున్నాను. ఒక్క చూపుడు వేలిని అడ్డంగా పడుకోబెట్టి తీగలన్నీ నొక్కాలి, ప్రాణం పోయినంత పనవుతుంది. వీధిలో వెళ్తున్న ఎదురింటి అత్తమ్మకు గోడ అడ్డం వల్ల గిటారు కనిపించలేదు. మెడ పట్టీ, దాని పైన మెలికలు తిరుగుతున్న నా మొహం మాత్రమే కనిపించాయి. ఆమె పరుగున వచ్చి మా అమ్మను పట్టుకుని ఏమైందని అడిగింది. అమ్మకు అప్పటికే కోదాడ సంబంధం గుబులు. అమ్మాయి తండ్రి లెక్కల మాస్టారు, పాటలు పాడేవాడికీ వాయించేవాడికీ పిల్లనివ్వనని తెగేసి చెప్పిన మనిషి. అంతకుముందు వచ్చిన పెళ్లికొడుకు ఒకడు ఉద్యోగం మానేసి ఆర్కెస్ట్రాలో చేరాడట. అందుకని అమ్మ రెప్ప వాల్చకుండా, బస్సు దిగుతుంటే మెడ పట్టేసిందని చెప్పేసింది.

ఇక చూడండి. బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని బంధువర్గం దిగింది. పాలకీడు నుంచి వచ్చిన మేనమామ గొర్రెలకు బెణికిన కాళ్లు సరిచేయడంలో దిట్ట. ఆయన నన్ను రెండు మోకాళ్ల మధ్య ఇరికించి తల తిప్పబోతే నేను నిజంగానే గొర్రెలా అరిచాను. కబురు కోదాడకు కూడా పోయింది. వాళ్లు రద్దు చేసుకోలేదు, పిల్లవాణ్ని ఒకసారి కళ్లతో చూస్తామన్నారు. పట్టీ తీసి పోతే అమ్మ అబద్ధం బయటపడుతుంది. "ఒక్క పూటకు పెట్టుకో కొడుకా, ఈ సంబంధం పోతే నాకు పాణం నిలవది," అంది అమ్మ. ఆమె గొంతు విన్నాక కాదనలేకపోయాను.

కోదాడలో నన్ను కుర్చీలో, అమ్మాయిని చాప మీద కూర్చోబెట్టారు. నాకు ఫ్యాను, క్యాలెండరు, లెక్కల మాస్టారి నుదురు కనిపించాయి. అమ్మాయి కనిపించలేదు. లడ్డూ అనుకుని మంచినీళ్ల గ్లాసులో వేళ్లు పెట్టాను. ఆ కంగారుకు నా ఎడమ చెయ్యి తనంతట తానే కుర్చీ చేతి మీద జి, సి, డి మార్చుకుంటూ కూర్చుంది. కాసేపటికి పెద్దలు మా ఇద్దరినీ వరండాలో మాట్లాడుకోమన్నారు. అమ్మాయి పొట్టి కావడంతో అక్కడా నా చూపు ఆమె పాపిట దాకానే అందింది.

"మెడ పట్టేస్తే వేళ్ల చివర నల్ల గీతలు పడతాయాండీ?" అని కింద నుంచి ఒక గొంతు వినిపించింది. నేను మొత్తం ఒప్పుకున్నాను. నా పెళ్లి, మా అమ్మ మాట అక్కడితో ఖతం అనుకున్నాను. "నాన్నతో చెప్పనులెండి. ముందు అది తీసి నా మొహం చూడండి. రేపు పీటల మీద గుర్తుపట్టకపోతే బాగోదు," అంది. హుక్కులు వెనక ఉన్నాయి, నాకు అందవన్నాను. ఆమే నా వెనక్కి వచ్చి ఒక్కొక్కటే విప్పింది. నేను తల వంచాను. చూశాను. ఆ చూపు ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది.

సరిగ్గా అప్పుడే కాబోయే మామగారు గుమ్మంలోకి వచ్చారు. పట్టీ కూతురి చేతిలో ఉంది, నా మెడ అటూ ఇటూ సాఫీగా తిరుగుతోంది. నేను నోరు తెరిచేలోపే ఆయన లోపలికి తిరిగి, "చూశారా, మా అమ్మాయి హస్తవాసి! చెయ్యి తగిలిందో లేదో నొప్పి పోయింది," అన్నారు. లెక్కల మాస్టారు ఎవరినీ మరో ప్రశ్న అడగలేదు. ముహూర్తం పెట్టేశారు.

ఇప్పుడు నాకు నిజంగానే మెడనొప్పి. డాక్టరు ఇచ్చిన అసలు పట్టీ పెట్టుకుని వీధిలోకి వెళ్తే, అప్పటి గుట్టు మా వీధంతా తెలిసిపోయింది కాబట్టి, ఏ పాట నేర్చుకుంటున్నావని అడుగుతారే గాని ఒక్కరూ బత్తాయి తేవడం లేదు. మామగారు మాత్రం కోదాడ నుంచి ఫోన్ చేసి, అమ్మాయిని ఒకసారి చెయ్యి వెయ్యమనండి అంటారు. ఆమె వేస్తుంది. నొప్పి ఏమీ తగ్గదు. అయినా తగ్గిందనే చెబుతాను, ఎందుకంటే మంచం కింద ఉన్న గిటారు సంగతి ఆయనకు ఇంకా తెలియదు.