వెనక సీట్లో కూర్చున్న మెకానిక్

నా చిన్నప్పుడు కడపలో మా మేనత్తకు ఒక పాత కారు ఉండేది. అత్త తాలూకాఫీసులో పనిచేసేది, కారు తనే నడిపేది. తిన్నని దారిలో బాగానే పోయేది గానీ, మలుపు వస్తే చాలు, శనక్కాయల బస్తాలు ఎత్తుగా వేసిన బండిలా ఒక పక్కకు ఒరిగిపోయేది. రాయచోటి పోవాలంటే గువ్వలచెరువు ఘాటు, ఆ కొండ దారి, దాటాలి. ఒకసారి ఆ మలుపుల్లో మా అవ్వ వాంతులతో సొమ్మసిల్లింది. ఇక కారు గానీ బస్సు గానీ ఎక్కనంది. రాయచోటిలో ఆమె చెల్లెలు మంచం పట్టి, అక్కను చూడాలని కబుర్లు పంపుతోంది. అవ్వ చీర మార్చుకుని గడప దాకా వచ్చి, కారును చూసి వెనక్కి తిరిగేది.

అత్త కారును, మేం మామ అని పిలిచే మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయింది. నేనూ వెంట పోయాను. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ కింద ఒక ఉక్కు కడ్డీ ఉంటుందనీ, దాన్ని స్వే బార్ అంటారనీ, మలుపులో కారు ఒరగకుండా ఆపేది అదేననీ మామ చెప్పాడు. మా కారుకు ముందు మాత్రం సన్నది ఒకటి ఉంది. దాని బదులు లావుది వేసి, వెనక కూడా కొత్తగా ఒక లావు కడ్డీ బిగించాడు. వారం పట్టింది.

ఊరి బయట మలుపుల దారిలో నడిపి చూశాం. అత్త, మామ ముందు, నేను వెనక. కారు ఒరగనే లేదు. అత్త సంబరపడి, రేపే అవ్వను తీసుకుపోదామంది. నేను మాత్రం వెనక భాగం పక్కకు జారుతోందనీ, భయమేస్తోందనీ అన్నాను. మామ కన్నా నీకు ఎక్కువ తెలుసా అని అత్త కసిరింది.

మామ కారు ఆపమన్నాడు.

"ఉండు చెల్లమ్మా. ఎనక కూచున్నది పాప. ఆడ ఎట్లుండాదో మనకేం తెలుసు?"

దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అదే మలుపు అదే వేగంతో మళ్లీ తిప్పమన్నాడు. గులకరాళ్ల మీద వెనక చక్రాలు పక్కకు జారాయి. మామ ముందు సీటును గట్టిగా పట్టుకున్నాడు.

"పాప చెప్పింది నిజమే. ఎనక మరీ లావుది ఏసినా. తప్పు నాదే."

పెద్దవాళ్లెవరూ పదేళ్ల పిల్ల ముందు అలా ఒప్పుకోవడం నేను అంతకుముందు వినలేదు.

వెనక కడ్డీ తీసి సన్నది బిగించడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఈసారి మామ మొదటే వెనక సీటు ఎక్కాడు. అవ్వ ప్రయాణం రోజు కళ్లు మూసుకుని, నా చేయి పట్టుకుని కూర్చుంది. సగం మలుపులు దాటాక, "ఏం పాపా, ఘాటు ఇంగా రాలేదా?" అని అడిగింది.

చెల్లెలు ఆ ఎండాకాలం దాటలేదు. కానీ ఆలోపు అవ్వ నాలుగుసార్లు పోయి, ఆమె పక్కన కూర్చుని వచ్చింది.

తర్వాత నేను ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేశాను. ఎవరైనా పడుకోలేకపోతున్నామంటే, వాళ్ల దిండు పక్కన నా తల ఆనించి చూసేదాన్ని. ఒక్కోసారి కిటికీ వెలుగు సూటిగా కళ్లలో పడుతుండేది, ఒక్కోసారి కారణమేమీ కనిపించేది కాదు. ఇప్పుడు ఇంట్లో మనవరాలు ఏదైనా బాగాలేదంటే, కాదనే ముందు పోయి దాని పక్కన కూర్చుంటాను.