పెద్దాయన బోరుకు నా స్తోత్రం

నా పిరికితనాన్ని చాలాకాలం వినయమని నమ్మిన తెలివితక్కువవాణ్ణి నేను. నా భార్య ఆపరేషను గట్టెక్కితే చర్చిలో నిలబడి సాక్ష్యం చెబుతానని మొక్కుకున్నాను. ఆమె లేచి తిరిగింది. నా కాళ్లే లేవలేదు.

ఓర్వకల్లు దగ్గరి మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలకు పావుగంట ఇస్తారు. ఆ పావుగంటా సంఘపెద్దదే. నాలుగో బోరులో దేవుడు నీళ్లిచ్చిన కథే వారంవారం చెప్పేవాడు. చెప్పినకొద్దీ బోరు లోతు పెరిగేది. నేను లేద్దామనుకునేలోగా కానుకల సంచి వచ్చేసేది. కడుపు మండిపోయేది. ఆయన్ను ఆపమని ప్రార్థించాను. ఆయన గొంతు ఇంకా బాగుపడింది.

"ఏమయ్యా, దేవునికి మాటిచ్చి నోరు యాడ దాచిపెట్టినావు?" అంది నా భార్య, చర్చి మెట్ల మీద.

"పెద్దాయన సందిస్తే కదా!"

"ఆయన్ను ఆపమని కాదు, నిన్ను లేపమని అడుగు."

అలాగే అడిగాను. పై ఆదివారం పాస్టరుగారు "సాక్ష్యాలు" అనగానే, ఎలా లేచానో తెలియదు, పెద్దాయన కంటే ముందే నిలబడి ఉన్నాను. మాట తడబడలేదు. దేవుడు నా భార్యను బతికించిన సంగతి చెప్పి స్తోత్రం చెల్లించాను. అప్పటికే పెద్దాయన లేచి గొంతు సవరించుకుంటున్నాడు.

"పెద్దాయనకు నాలుగో బోరులో నీళ్లు పడినాయి. ఆ స్తోత్రం గూడా ఆయన తరఫున నేనే చెప్తాండా," అని కూర్చున్నాను.

సంఘమంతా ఆమెన్ అంది. ఆయనకూ అనక తప్పలేదు.