మేడమీద నల్లా పాయింట్

ఆ నల్లా నేనే పెట్టించాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సిన రోజున నోరు కుట్టేసుకుని కూర్చున్నదాన్ని, ఇప్పుడు కూడా చివరిదాకా దాచిపెట్టి రాస్తే నా ముఖం నేనే చూసుకోలేను.

మాది సూరత్‌లో ఒక సొసైటీలో వరస ఇళ్లలో ఒకటి. పన్నెండడుగుల వెడల్పు. ముందు ఒక గది, వెనక వంటిల్లు, దాని వెనక బాత్రూం. అందులో రెండు సంసారాలం. నేనూ మా ఆయనా మా ఇద్దరు పిల్లలూ, మా మరిదీ అతని భార్యా వాళ్ల పాపా. అన్నదమ్ములిద్దరూ కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చినవాళ్లే. ఏడుగురం ఆ కాస్త ఇంట్లో ఎట్లా పట్టామా అని ఊరి నుంచి వచ్చినవాళ్లు నోరు తెరిచేవారు. పట్టడానికి కారణం షిఫ్టు. ఒకరికి డే ఉంటే ఇంకొకరికి నైట్ ఉండేట్టు అన్నదమ్ములు సేఠ్‌ను అడిగి మరీ వేయించుకున్నారు. పొద్దున ఒకరు లేచి పోయేసరికి ఇంకొకరు వచ్చి అదే పక్క మీద వాలిపోయేవారు. ఇద్దరూ కలిసి కూర్చుని అన్నం తిన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే పోట్లాట కూడా ఎప్పుడూ రాలేదేమో.

షిఫ్టుల వల్ల ఇల్లు సరిపోయింది గానీ పొయ్యికి తెరిపి ఉండేది కాదు. తెల్లారకముందే డేకు పోయేవాడి డబ్బా. ఏడున్నరకు నైట్ నుంచి వచ్చినవాడికి వేడివేడి అన్నం. మధ్యలో పిల్లలు. సాయంత్రం మళ్లీ ఒక డబ్బా, ఎనిమిదింటికి మళ్లీ ఒక కంచం. నా తోడికోడలు పనిదొంగ కాదు, ఆ మాట అంటే నాకు పాపం తగులుతుంది. ఆమె రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చే చీరల కట్టలు ముందు గదిలో వేసుకుని, చీర వెనక వేలాడే దారాలు కత్తిరించేది. సాయంత్రానికి కట్ట తిరిగి ఇచ్చేయాలి. కాబట్టి పొయ్యి నాదయింది. నడుం పట్టేసినప్పుడు నేను గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని, వినపడాలనే. ఆమె తలెత్తకుండానే "ఇంక రెండు చీరలేనక్కా, వస్తున్న" అనేది. ఆ రెండు చీరలు ఎప్పటికీ అయ్యేవి కావు.

ఇంతలో మరిదికి సూరత్ బయట పల్సానాలో ఒక కార్ఖానాలో మాస్టర్ పని దొరికింది. మగ్గాలు చెడిపోతే బాగుచేసి నడిపించే పని, ఎప్పుడూ పగలే. దాంతో మా లెక్క తప్పింది. మా ఆయనకు డే వచ్చిన పదిహేను రోజులూ ఇద్దరు మగవాళ్లూ రాత్రిపూట ఇంట్లోనే. పిల్లల్ని వేసుకుని ఆడవాళ్లం వంటింట్లో గిన్నెల మధ్య పడుకునేవాళ్లం. నాలుగు నెలలు చూసి మా ఆయన ఒకరోజు తేల్చేశాడు.

"పైన ఒక రూమేస్తే అయిపాయె. తమ్ముడోళ్లు పైన పంటరు, మనం కింద. వంట మాత్రం కలిసే."

చివరి మాట గట్టిగా అన్నాడు. ఎందుకన్నాడో అందరికీ తెలుసు. మావాళ్లలో ఒక ఇంట్లో రెండో పొయ్యి వెలిగిందంటే వేరుపడ్డట్టే. ఒకే కప్పు కింద ఉన్నా సరే, ఒకే గుమ్మంలోంచి తిరుగుతున్నా సరే. ఆ కబురు ఫోన్లో ఊరికి చేరడానికి గంట పట్టదు. వేరుపడ్డది అన్నదమ్ములైనా, అడిగేది మాత్రం ఏ ఆడది విడగొట్టిందని. పెద్దకోడలినైతే ఇంక చెప్పక్కర్లేదు, అందరి వేళ్లూ నా వైపే తిరుగుతాయి.

దివాళి సెలవులు కాగానే పని మొదలుపెట్టాం. దాహోద్ వైపు నుంచి వచ్చిన మిస్త్రీ, తట్టలు మోయడానికి అతని భార్య. గుమ్మం ముందు ఇసుక కుప్ప, దాని పక్కన కంకర. సొసైటీవాళ్లు పూటకొకరు వచ్చి దారి మూశారని అరిచిపోయేవారు. ఇల్లు కట్టి చూస్తేగాని తెలియదంటారే, నాకు సగం గది కడితేనే తెలిసొచ్చింది. అన్నంలో దుమ్ము, తాగే నీళ్లలో దుమ్ము. తోడికోడలు చీరలకు సిమెంటు అంటకుండా మంచం మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, దాని కింద దూరి దారాలు కత్తిరించుకునేది. స్లాబ్ పడిన తర్వాత రోజూ పైకెక్కి నీళ్లు పట్టే పని కూడా ఆమే చేసింది. గోడలు లేచాక మిస్త్రీ పైపుల కోసం గాడి కొట్టడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నం మా ఆయన నైట్ చేసి వచ్చి కింద పడుకున్నాడు. నెత్తి మీద సుత్తి దెబ్బలు పడుతున్నా ఆయన కదల్లేదు. మగ్గాల చప్పుడులో సగం జీవితం గడిపినవాళ్లకు సుత్తి ఒక లెక్కా. మరిది పల్సానాలో ఉన్నాడు. తోడికోడలు కట్ట ఇచ్చి రావడానికి పోయింది. మిస్త్రీకి టీ ఇవ్వడానికి నేను పైకి వెళ్లాను.

"భాభీ, బాత్రూంకా పాయింట్ హో గయా. ఔర్ కహీఁ పానీ చాహియే?" అని అడిగాడు.

ఇంకెక్కడైనా నీళ్లు కావాలా అని అడిగాడు, అంతే. వద్దు అంటే అయిపోయేది. నేను కిటికీ కింద గోడ వైపు చెయ్యి చూపించాను. "ఇధర్ భీ ఏక్ దే దో", ఇక్కడ కూడా ఒకటి పెట్టమని అన్నాను. అతను అరచెయ్యి నడుం దగ్గర పెట్టి చూపించాడు, ఇంత ఎత్తులోనా, వంటగట్టు కోసమా అన్నట్టు. నేను తలూపాను.

అప్పుడు నాలో ఏముందో చెబుతాను. నాకు వేరుపడాలనే ఉంది. నా నలుగురికి నేను వండుకుని, మధ్యాహ్నం గంటసేపు నడుం వాల్చాలని ఉంది. కాని ఆ మాట నా నోటి నుంచి రాకూడదు. నల్లా పడితే పడుతుంది, కొన్నాళ్లకు దాని కింద బండ పడుతుంది, ఇంకొన్నాళ్లకు చిన్న స్టవ్ దానంతటదే పైకి ఎక్కుతుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనక్కర్లేకుండా పని జరిగిపోతుంది. ఇదీ నా తెలివి.

మర్నాడు పొద్దున మా ఆయన నైట్ నుంచి రాగానే చెప్పులతోనే పైకెక్కి పని చూడబోయాడు. దిగి వచ్చేసరికి ముఖం మాడిపోయి ఉంది.

"పైన కిటికీ కింద నల్లా ఎవలు పెట్టమన్నరే?"

"నాకేం తెల్సు" అన్నాను. అంత తొందరగా అబద్ధం వస్తుందని నేను కూడా అనుకోలేదు.

"ఇంకెవలు పెట్టమంటరు తీ. వాడే. మాస్టరయ్యిండు గదా, ఇప్పుడు అన్నతోని తినబుద్ధైతలేదు."

అడుగుదామంటే తమ్ముడు అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. తమ్ముడు వచ్చేసరికి అన్న నైట్‌కు పోతాడు. ఆ వారమంతా అన్నదమ్ములు ఒకరికొకరు ఎదురుపడలేదు. పోట్లాట మొత్తం నా మీదుగా నడిచింది. పొద్దున ఈయన "వాన్ని అడుగు, చెప్పకుంట చాటుమాటు పనులేందని" అనేవాడు. రాత్రి అన్నం ముందు మరిది "వదినా, మేమేం అడగలే, అన్నకు జర సముదాయించి చెప్పు" అనేవాడు. నేను ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేశాను. మాట మారుస్తూ కూడా కాదు, ఉన్నదున్నట్టే. ఒక్క నిజం తప్ప అన్నీ చెప్పాను. పోనీ, మిస్త్రీ తప్పు చేశాడని చెప్పి నల్లా తీయించేద్దామనుకున్నాను. ఆయన మిస్త్రీని నిలదీస్తే నా పేరు బయటపడుతుందని భయమేసి అదీ మానుకున్నాను. నా అదృష్టమో దురదృష్టమో, ఆయన మిస్త్రీని అడగనే లేదు. ఇంటి గుట్టు బయటివాళ్ల దగ్గర అడగడం ఆయనకు నామోషీ.

ఆదివారం అన్నదమ్ములు ఎదురెదురుగా పడ్డారు. పైన, సగం ప్లాస్టరైన గదిలో. కింద పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. గొంతులు లేచేసరికి నేనూ మెట్లెక్కాను.

"మేమెప్పుడు అడిగినమే అన్నా? నీ మీద ఒట్టు."

"నువ్వు అడగకపోతే నీకు తెల్వకుంట నీ పెండ్లాం అడిగిందేమో, అడుగు."

మా ఆయన ఎప్పుడూ తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడడు. అది మా పద్ధతి. ఆ రోజు కూడా ఆమె రెండు మెట్ల కింద నిలబడి వింటుంటే, ఆమె గురించి ఆమె లేనట్టే మాట్లాడాడు. భుజం మీద చీరల కట్టతో అట్లాగే నిలబడింది. నేను పై మెట్టు మీద ఉన్నాను. ఆమె నా వైపు చూసింది.

నేను "పప్పు మాడుతుంది" అని చెప్పి ఆమెను రాసుకుంటూ కిందికి దిగిపోయాను. పప్పు మాడలేదు. వంటింట్లో నిలబడి స్టవ్ తగ్గించాను, మళ్లీ పెంచాను. పైనుంచి మరిది గొంతు వినపడింది, "నా పెండ్లాన్ని దొంగను చేసినంక ఈడెందుకుంటం" అని. అప్పుడైనా పైకెక్కి ఒక్క మాట చెబితే సరిపోయేది. కాళ్లు కదల్లేదని రాయొచ్చు గానీ, అది అబద్ధం. కాళ్లు బాగానే ఉన్నాయి. నేనే వెళ్లలేదు.

పాప బడికి ఎండాకాలం సెలవులు ఇచ్చేదాకా ఎట్లాగో ఉండి, ఆ వారంలోనే వాళ్లు పల్సానాకు వెళ్లిపోయారు, కార్ఖానా దగ్గర ఒక గది తీసుకుని. సామాను ఎంతో లేదు, చిన్న టెంపోలో పట్టింది. తోడికోడలు చివరగా ఇంట్లోకి వచ్చి, మా పిల్లల తలలు నిమిరి, వంటింటి గుమ్మం దగ్గర కాసేపు ఆగింది. ఏమైనా అంటుందని చూశాను. "పోయొస్త అక్కా" అంది. నేను పసుపు కుంకుమ పెట్టి పంపించాను.

తర్వాత నేను అనుకున్నట్టే అయింది. నలుగురికే వంట. మధ్యాహ్నం పడుకున్నాను కూడా. మొదటి వారం సుఖంగానే అనిపించింది, లేదని ఎందుకు అనాలి. ఆ తర్వాతే ఇల్లు కరవడం మొదలుపెట్టింది. మా ఆయన పైగదికి రంగు వేయించి, తాళం వేసి, ఇంక ఎక్కలేదు. నైట్ చేసి వచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద మింగుతూ తమ్ముడి భార్యను తిట్టేవాడు. "బంగారమసొంటి తమ్ముణ్ని విడగొట్టింది." రోజూ అదే మాట. నేను రోజూ ఆ మాట మీదే మజ్జిగ పోసేదాన్ని.

వానలు మొదలయ్యాక ఇంక పట్టలేక పల్సానా బస్సెక్కాను. తమ్ముడోళ్లను తీసుకొస్తానని మా ఆయనతో చెప్పే వెళ్లాను. నిజానికి ఆమెకు చెప్పేద్దామని వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. వాళ్ల గది రేకులది, లోపల ఉక్కపోత. తోడికోడలు ఒక్కతే ఉంది. అక్కడ కూడా చీరల కట్టే ముందు. నన్ను చూసి లేచి నీళ్లిచ్చింది, టీ పెట్టింది. నేను ఊరి సంగతులు, పిల్లల మార్కులు, అన్నీ మాట్లాడాను. టీ అయిపోయింది.

చివరికి ఆమే అంది, కత్తెర పక్కన పెట్టకుండానే.

"అక్కా, ఆ నల్లా నువ్వే పెట్టించినవని నాకెరుక."

"ఎవలు చెప్పిండ్రు?"

"మిస్త్రీ పెండ్లాం. లొల్లి కాకముందే. నీళ్లు పట్టడానికి పైకి పోతే, మీ అక్క ఈడ నల్లా చెప్పిందని చూపిచ్చింది."

"మరి ఆ ఆదివారం నాడు ఎందుకు చెప్పలే నువ్వు? బావ గంత మాట అంటుంటే?"

ఆమె చీర తిప్పి ఇంకో అంచు పట్టుకుంది.

"నువ్వు చెప్తవని చూసిన అక్కా. టెంపో ఎక్కేదాక చూసిన."

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేను ఎదురు తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని, నా నోటి సంగతి నాకు తెలుసు. ఆమె మామూలుగా అని, అన్నం తిని పొమ్మంది. నేను ఏడ్చాను. క్షమించమని అడిగానో లేదో కూడా గుర్తులేదు. తిరిగి వస్తారా అని మాత్రం అడిగాను. "ఎందుకక్కా, ఈడ మంచిగనే ఉన్నది" అంది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన నైట్‌కు తయారవుతున్నాడు. డబ్బా కట్టకముందే చెప్పేశాను. ఇంకొక్క గంట ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు.

"ఆ నల్లా నేను పెట్టించిన. ఆమెకేం తెల్వదు. మిస్త్రీ ఉన్నడు గదా, అడుగు."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగి నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను, తిట్టించుకోవాలనే నిలబడ్డాను. ఆయన ముఖం మెత్తబడింది.

"ఆమె ఏడ్చి నిన్ను గిట్ల చెప్పుమని ఒప్పిచ్చిందా? వాళ్లు మళ్ల వస్తరని నువ్వు మీదేసుకుంటున్నవా?"

"కాదు. నిజంగనే నేనే."

"నీదంత పిచ్చి మనసు. మిస్త్రీ ఏం చెప్తడు, ఆమె నేర్పినట్టే చెప్తడు. డబ్బా కట్టు, బస్సు పోతది."

ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు ఊళ్లో ఉన్న తన అక్కకు ఫోన్ చేశాడు. మగ్గాల చప్పుడుకు చెవులు మందగించి గట్టిగా అరిచి మాట్లాడతాడు, గల్లీ అంతా వినపడేట్టు. "ఆమె చేసిన పని తన నెత్తినేసుకున్నదక్కా మా ఆమె. గసొంటి మనిషి యాడ దొరుకుతది?" అంటున్నాడు. నేను పొయ్యి దగ్గర నిలబడి విన్నాను. సాయంత్రానికి ఆ అక్కే నాకు ఫోన్ చేసి, నీ అంత ఓపిక ఎవరికుంటుందే అని మెచ్చుకుంది. పల్సానాలో ఉన్న ఆమెకు కూడా ఈ కబురు చేరే ఉంటుంది. నేను ఉన్న నిజమే చెప్పానని, మంచిదాన్ననిపించుకోవడానికి ఈ కథ అల్లలేదని ఆమె ఎప్పటికీ నమ్మదు.