మామ్మ నిద్రలో చెప్పిన ప్రోగ్రాం

దెయ్యాలంటే నాకు నవ్వు. పూనకాలన్నా, సోదె అన్నా నవ్వే. కారణం లేకుండా ఏదీ జరగదని నమ్మే మనిషిని. ఇప్పటికీ నమ్ముతాను, ఈ ఒక్క సంగతిలో తప్ప.

రెండువేల నాలుగులో నేను ఎమ్‌సీఏ ఆఖరి సంవత్సరం. మాది బందరు దగ్గర, సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. ఇంట్లోవాళ్లు విజయవాడ వన్ టౌన్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, వండిపెట్టడానికి నాన్న వాళ్లమ్మని నాకు తోడుగా పంపారు. మా మామ్మ నలభై ఏళ్లు చేపలు అమ్మింది. అక్షరమ్ముక్క రాదు. ఎక్కడైనా వేలిముద్రే.

ఆ వారం ల్యాబ్ సారు ఒక ప్రోగ్రాం రాయమన్నారు. ఫైలు నిండా మాటలుంటాయి. ఒకే అక్షరాలతో తయారైన మాటల్ని ఒక గుంపులో చేర్చాలి. పలక, కలప ఒక గుంపు. నవల, వలన ఇంకో గుంపు. శుక్రవారం సాయంత్రంలోగా ఎవరి ప్రోగ్రాం సరిగా నడిస్తే వాళ్లనే కంపెనీ ఇంటర్వ్యూకి పంపుతామన్నారు.

నా ప్రోగ్రాం ప్రతి మాటనీ తక్కిన అన్ని మాటలతోనూ పోల్చేది. పది మాటలిస్తే బాగానే నడిచింది. సారు ఇచ్చిన పెద్ద ఫైలు ఇస్తే ల్యాబ్ మూసేదాకా తిరుగుతూనే ఉంది. అటెండరు వచ్చి, "అమ్మాయ్, అది పోయిందేమో చూసుకో," అని లైట్లు ఆర్పేశాడు.

గురువారం కాలేజీ లేదు. మధ్యాహ్నం రెండింటికి గదిలో కూర్చుని నోట్‌బుక్‌లో పలక, కలప అని రాసుకుని వాటినే చూస్తున్నాను. నోరు విప్పి ఒక్క మాట చదవలేదు. మామ్మ వంకాయ రొయ్యల కూరతో అన్నం తిని, గోడవైపు తిరిగి చాపమీద పడుకుంది. గురక కూడా మొదలైంది.

ఉన్నట్టుండి గురక ఆగింది.

"మాటనీ మాటనీ పోలుస్తా కూచుంటావేంటే, ఎర్రిమొహమా! ఒక్కో మాటలో అచ్చరాలు తీసి వరసన పెట్టు. అదే దాని గంప పేరు. పలకైనా కలపైనా కపల గంపలోకే. ఇసిరెయ్యి!"

మళ్లీ గురక.

లేపి అడిగితే, "కపలేంటే? అట్టాంటి చేప నేనెప్పుడూ చూళ్లేదు," అని విసుక్కుని మళ్లీ పడుకుంది.

పలకలో అక్షరాలు అక్షరమాల వరసన పెడితే క, ప, ల. కలపలోవి పెట్టినా అంతే. హ్యాష్ మ్యాప్ గురించి క్లాసులో చెప్పిందే ఇది: పేరు చెబితే ఆ పేరున్న గంప నేరుగా చేతికొస్తుంది, వెతుక్కోనక్కర్లేదు. ఆ సాయంత్రమే కాగితం మీద కొత్త ప్రోగ్రాం రాసేశాను.

శుక్రవారం పొద్దున ల్యాబ్‌లో నడిపితే మొదటి మాటకే ఎర్రర్. పన్నెండింటిదాకా చూశాను. తప్పెక్కడో అంతుపట్టలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆటో ఎక్కి గదికొచ్చి మామ్మని నిద్రపుచ్చడానికి కూర్చున్నాను.

కావాలన్నప్పుడు పడుకుంటుందా? పెరుగన్నం కలిపి పెట్టాను. విసనకర్రతో విసిరాను. కాళ్లు పట్టాను. "ఏంటే ఇయ్యాల ఇంత పేమ? పరీచ్చ పోయిందా?" అంది. పక్కింటావిడ కోడలి సంగతంతా చెప్పింది. రెండున్నరకి కునుకు పట్టింది. అరగంట ఉత్త గురకే. నాకు ఏడుపొచ్చింది. లేచి చెప్పులేసుకుంటున్నాను.

"ముందు గంప పెట్టవే! గంప లేకుండా చేపల్ని నేల మీద పోత్తావా?"

గుమ్మంలోనే నిలబడిపోయాను. నిజమే. ఒక పేరు మొదటిసారి వచ్చినప్పుడు దానికి ఖాళీ జాబితా తయారు చేయాలి. నేను చేయలేదు. లేని గంపలో మాట వేస్తున్నాను.

ల్యాబ్‌కి పరుగెత్తి రెండు లైన్లు చేర్చాను. ఎంటర్ కొట్టి చెయ్యి తీసేలోగా పెద్ద ఫైలు మొత్తం గుంపులైపోయింది.

సారు రెండుసార్లు నడిపించి చూసి, "ఎవరమ్మా నీకు చెప్పింది?" అన్నారు.

అబద్ధం ఆడలేకపోయాను. "మా మామ్మండి."

"ఆవిడ ఏ కంపెనీలో చేస్తారు?"

"చేపల మార్కెట్లో చేసేదండి."

సారు ఇంటర్వ్యూ జాబితాలో నా పేరు రాసుకున్నారు. ఆ ఉద్యోగం నాకే వచ్చింది.

గంపల సంగతి నేను సర్దిచెప్పుకోగలను. నలభై ఏళ్లు చేపలు ఏరిన చెయ్యి. కానీ చదువురాని మనిషి గోడవైపు తిరిగి పడుకుని నా నోట్‌బుక్‌లో ఉన్న మాటలు ఎలా చెప్పింది? నాకే కనబడని తప్పు ఆమెకెలా కనబడింది? తెలిసినవాళ్లు ఎన్నో కారణాలు చెప్పారు. ఒక్కటీ ఆ రెండు మధ్యాహ్నాలకీ సరిపోలేదు.

ఉద్యోగం వచ్చిన రోజున జరిగిందంతా మామ్మకి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. మొహం పాలిపోయింది. "నిద్దట్లో మాటాడతన్నానా? ఇంకేం వాగానే? మీ తాత గురించి ఏవన్నా అన్నానా?" అని చెయ్యి గట్టిగా పట్టుకుంది. లేదని ఎంత చెప్పినా నమ్మలేదు.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ నోటికి తువ్వాలు కట్టుకునే పడుకుంది.