నయాగరాకి ఇవతలి గట్టున ఒక మధ్యాహ్నం

నయాగరాకి అందరూ జలపాతం చూడడానికి వెళతారు. నేను మొదటిసారి వెళ్ళింది మా ఆవిడను చూడడానికి. ఎనభై రెండు వేసవి అది. న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఉంటూ ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేసేవాణ్ణి. పెళ్ళి చేసుకుని, కరుణను ఒంగోలులో వదిలి వచ్చి రెండేళ్ళయింది. నా గ్రీన్ కార్డ్ అప్లికేషన్ ఎక్కడో నడుస్తోంది, ఆమెకు వీసా రావడం లేదు. మా చేతిలో ఉన్నదల్లా ప్రార్థన ఒక్కటే. ఇక్కడ పొద్దున ఏడున్నరకి నేను, అదే సమయానికి అక్కడ సాయంత్రం ఐదింటికి ఆమె, రోజూ మోకాళ్ళూనేవాళ్ళం. అలా ఉండగా టొరంటోలో ఉంటున్న తన వదినగారి పురిటికి సాయంగా కరుణ కెనడా వచ్చింది. కెనడా రానిచ్చింది, అమెరికా రానివ్వలేదు. వచ్చే వారమే తిరుగు ప్రయాణం. నేను వెళదామంటే, పేపర్లు తేలకముందు దేశం దాటితే ఫైల్ క్లోజ్ అయిపోతుందని లాయర్ ఖండితంగా చెప్పాడు.

అందుకని ఫోన్‌లో ఒక ఒప్పందానికి వచ్చాం. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి జలపాతానికి అటు కెనడా గట్టున ఆమె, ఇటు అమెరికా గట్టున నేను నిలబడాలి. పన్నెండు కాగానే ఇద్దరం కలిసి ప్రార్థన చేయాలి. గుర్తుపట్టడానికి వీలుగా పెళ్ళిచీర కట్టుకుంటానంది కరుణ. మా క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళికూతురిది తెల్లచీర.

నాకు కారు లేదు. మా తెలుగు ప్రార్థన కూడికకు పెద్దదిక్కయిన సాల్మన్ అన్న తన స్టేషన్ వ్యాగన్ తీశాడు. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి, 80వ నంబరు రోడ్డు మీద పెన్సిల్వేనియా కొండల్లో పడి, స్క్రాంటన్ దగ్గర 81 అందుకుని ఉత్తరానికి సిరక్యూస్ దాకా, అక్కడి నుంచి టోల్ రోడ్డు మీద పడమరగా బఫలో వెళ్ళాం. పదకొండింటికల్లా నయాగరాలో ఉన్నాం. పెట్రోలు, టోలు కలిపి రానుపోను ఎనభై డాలర్ల దాకా అయింది, అన్న నా చేత సగమే పెట్టనిచ్చాడు. అన్న భార్య కట్టిచ్చిన పులిహోర, కోడివేపుడు దారిలో ఆయన ఒక్కడే తిన్నాడు. నాకు ముద్ద దిగలేదు. మాటిమాటికీ అద్దంలో చూసి తల దువ్వుకుంటుంటే ఆయన నవ్వాడు.

“ఏందబ్బాయ్, పెళ్ళిచూపులకి పోతన్నావా? అంత దూరానికి నీ పాపిట కనపడదులే.”

రెండేళ్ళుగా అడుగుతున్నా దేవుడు వింటున్నట్టు లేదని నేను గొణిగాను. సాల్మన్ అన్నకు కార్డు రావడానికి నాలుగేళ్ళు పట్టిందట. “వింటానే ఉంటాడు తమ్ముడూ. అక్కడ కూడా క్యూ ఉంటదేమో” అన్నాడు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

కార్డు చేతిలో ఉంది కాబట్టి అన్నకు అడ్డు లేదు. కరుణ కోసం నేను కొన్న చేతిగడియారాన్ని జేబులో వేసుకుని కెనడా వెళ్ళే వంతెన మీద తాపీగా నడిచి అటు వెళ్ళాడు. నా భార్య దగ్గరికి నాకు తప్ప అందరికీ దారి ఉందనిపించి, ఆ మంచి మనిషి మీద కూడా అసూయ కలిగింది.

నేను ఇటు గట్టున జలపాతం అంచునే ఉన్న ప్రాస్పెక్ట్ పాయింట్ కమ్మీల దగ్గరికి వెళ్ళాను. నాణెం వేస్తే కాసేపు దూరాన్ని చూపించే దుర్భిణి అక్కడ ఉంటుంది. కన్ను ఆనించాక గానీ మా తెలివితక్కువతనం తెలిసిరాలేదు. నీటి తుంపర లేచి అవతలి గట్టంతా తెల్లగా కమ్ముకుంది. అందులో తెల్లచీరను ఎక్కడని వెతకాలి? పన్నెండయింది. తల వంచి కళ్ళు మూసుకున్నాను. రెండు మాటలైనా పలికానో లేదో, ఇక నా వల్ల కాలేదు. కళ్ళు తెరిచి ఇంకో నాణెం వేశాను. గాలి తిరిగి తుంపర కాస్త పక్కకు తొలిగింది. అవతలి కమ్మీ దగ్గర తెల్లచీరలో ఒక మనిషి. చెయ్యి పైకి లేచింది, కొంగు తల మీదికి వచ్చింది, రెండు చెవుల వెనక్కీ దోపుకుంది. ప్రార్థనకు ముందు ముసుగు వేసుకునే పద్ధతి అది, కరుణదే. ముఖం తెలియలేదు. అంతలోనే దుర్భిణి మూసుకుపోయింది. మరో నాణెం వేసేసరికి మళ్ళీ అంతా తెలుపే. అక్కడే నిలబడి ఏడ్చాను. చుట్టూ జనం ఫోటోలు తీసుకుంటున్నారు.

రెండు గంటల తర్వాత సాల్మన్ అన్న తిరిగొచ్చాడు. గడియారం ఇచ్చానని, మనిషి బాగానే ఉందని, కాస్త చిక్కిందని చెప్పాడు. ఆమె అంత భక్తిగా ముసుగేసుకుని ప్రార్థన చేస్తుంటే నేను కళ్ళు తెరిచి చూస్తూ ఉండిపోయానని, నాకంత విశ్వాసం లేదని అన్నాను. అన్న నా పక్కన కూర్చున్నాడు.

“ప్రార్థన చేసింది నేనొక్కణ్ణేనయ్యా. ఆ పిల్ల కళ్ళు మూస్తే గదా. ఏందమ్మా అనడిగితే, ‘ప్రార్థన రేపైనా చేసుకుంటానన్నా, ఈయన రేపు కనపడరు గదా’ అంది.”

తనకు నేను కనపడనే లేదని కరుణ తర్వాత ఫోన్‌లో చెప్పింది. నా కార్డు మరుసటి ఏడాది వచ్చింది, దాని వెనకే ఆమె వచ్చింది. విశ్వాసం ఉన్నవాళ్ళకు బెంగ ఉండకూడదని అంతకుముందు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోను. బెంగ పడ్డంత మాత్రాన దేవుడు చిన్నబుచ్చుకోడు. ఎదురుచూసిన ఆ ఏళ్ళలో మేము చేసిన ప్రార్థనలన్నిటిలోకీ సరిగ్గా చేయలేకపోయిన ఆ ఒక్కటే నాకు బాగా గుర్తుంది.

పేపర్లు పెండింగ్‌లో ఉండి నయాగరా వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ఊళ్ళోకి రాగానే వేగం తగ్గించి బోర్డులు చదవండి. కెనడా వంతెన లేన్‌లో పడ్డాక కారు వెనక్కి తిప్పుకోవడానికి చోటుండదు. ముందే పార్కు వైపు మళ్ళిపోండి, అవతల మీవాళ్ళు నిలబడి ఉన్నా సరే.