నీడ లేని కొండ

నా చిన్నప్పుడు మా తాతయ్య రెండేళ్లపాటు ఒక కొండ ఎక్కడానికి సిద్ధమయ్యాడు. అది మా ఆళ్లగడ్డ దగ్గరి కొండ కాదు. ఎక్కడో ఉత్తరాన, సముద్రం మధ్యలో, బడి మ్యాపులో పెసరగింజంత కూడా కనిపించని దీవిలో ఉంది. మా చిన్నాయన సరుకుల ఓడలో పనికి పోయి, దారిలో జ్వరం వస్తే ఆయన్ని ఆ దీవిలో దింపారట. మూడో రోజు చనిపోయాడు. అక్కడి పాస్టరే సమాధి చేయించి మాకు జాబు రాశాడు. రేవు నుంచి కొండ దాటితే గానీ సమాధుల తోట రాదని, బండి దారి లేదని, పెన్సిలుతో దారి గీసి పంపాడు.

తాతయ్య నంద్యాల మిషను బడిలో పంతులుగా చేసి రిటైరైన మనిషి. కొడుకు సమాధి దగ్గర ఒక్కసారి నిలబడి ప్రార్థన చేసుకుని రావాలి, అంతే ఆయన కోరిక. అంత దూరం ఎలా పోతావని అడిగే ధైర్యం మా నాయనకు కూడా లేదు. అవ్వ మాత్రం ఆ కాగితం బయటికి తీస్తే చాలు, లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. అన్నీ నాకే తెలుసనుకునే రకాన్ని, కాబట్టి ఆ ప్రయాణానికి సగం పెద్దరికం నాదే. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఇద్దరం ఏర్పాట్లు చేసేవాళ్లం. తొలికోడి కూయగానే బయలుదేరాలి. ఎండ ముదరకముందే సగం కొండ ఎక్కేయాలి. తలకు తడిగుడ్డ, చేతిలో నీళ్ల చెంబు. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద ఆగి, పొద్దు వాలాక దిగాలి. పాస్టరు గీసిన దారిలో చెట్లు లేవు. మరిచిపోయాడు కాబోలని నేనే మూడు గీశాను, రెండు వేపచెట్లు, ఒక చింతచెట్టు. తాతయ్య నవ్వలేదు. చింత నీడ చిక్కగా ఉంటుందని మధ్యాహ్నం సద్ది దాని కిందే తిందామన్నాడు.

ఒకరోజు కాళ్ల సత్తువ చూసుకుందామని నన్ను వెంటబెట్టుకుని అహోబిలం బస్సెక్కాడు. అక్కడ ఎగువకు పోయే దారిలో గంటసేపు నడిచాక ఆయాసం పట్టలేక ఒక బండ మీద కూలబడ్డాడు. పెదవులు నల్లబడ్డాయి. చాల్లే తాతా, ఇంటికి పోదామన్నాను.

"ఇంగ కొంచెం పోదాం పాపా. వాడు ఆడ ఒక్కడే ఉండాడు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఈయన ఆ కొండ ఎక్కలేడని నాకు ఆ బండ దగ్గరే తెలిసిపోయింది. అంత వాగుడుకాయనూ, ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా ఏర్పాట్లన్నీ తాతయ్య ఇంగ్లీషులో రాసి, ఏ చెట్టు దగ్గర ఆగితే మంచిదో చెప్పమని పాస్టరుకు పంపాడు. నెలన్నరకు జవాబొచ్చింది. తాతయ్య చదువుతూ తెలుగులో చెప్పాడు. ఆ దీవిలో చెట్టనేదే లేదట. ఎండాకాలంలో రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుందట, కాబట్టి కోడికూతకు లేవక్కర్లేదు. నీళ్లు మోయక్కర్లేదు, కొండంతా ఊటలే. కావలసింది ఉన్నిబట్టలు. మీ అబ్బాయి కూడా పల్చటి చొక్కాతోనే దిగాడు, ఇంట్లో ఉన్న కంబళ్లన్నీ కప్పినా వణుకు ఆగలేదు అని చివర్లో రాశాడు.

ఆ మాట దగ్గర తాతయ్య ఆగిపోయాడు. జాబును దారి గీసిన కాగితం పక్కన పెట్టాడు.

"పోయే ముందురోజు వానికి గంటసేపు చెప్తి. ఎండలో తిరగాకు, తలకు గుడ్డ కట్టుకో, మజ్జిగ తాగు అని. నువ్వు పోయేది యాడికిరా, ఆడ ఎట్లుంటాదిరా అని ఒక్క మాట అడగకపోతి. అడిగింటే వాడే చెప్పింటాడు."

అవ్వ వంటింటి గడపలో నిలబడి విన్నదని అప్పుడే చూశాం. "నువ్వొక్కనివే కాదులే. నేనూ ఊరగాయ కట్టిస్తి గానీ దుప్పటి పెట్టకపోతి" అంది. వచ్చి మొదటిసారి ఆ కాగితం పక్కన కూర్చుంది.

మర్నాడు తాతయ్య నా చేతికి రబ్బరిచ్చి చెట్లు చెరిపేయమన్నాడు. కష్టపడి గీసింది నేను కదా, మొండికేశాను.

"మనకు తెలిసిందాన్నే ఆడికి మోసకపోతాండాం పాపా. ముందు అడగల్ల" అన్నాడు.

చెరిపాను. ఈసారి జాబు నిండా ప్రశ్నలే. గాలి ఏ పక్క నుంచి కొడుతుంది, నేలలో కాలు దిగబడుతుందా, వాన ఎంతసేపు ఉంటుంది. సమాధి మీద గడ్డి ఎవరు తీస్తారో అడగమని అవ్వ కూడా ఒకటి రాయించింది.

జవాబు వచ్చేసరికి తాతయ్య లేడు. ఒక మధ్యాహ్నం నిద్రలోనే గుండె ఆగిపోయింది. నాయన ఆ జాబు చదివి వినిపించాడు. గడ్డి నేనే తీస్తాను, గాలి తగ్గిన రోజు చూసుకుని వెళ్తాను అని పాస్టరు రాశాడు. ఆ ఒక్క ముక్కను అవ్వ మళ్లీ మళ్లీ చదివించుకుంది.

మా ఇంట్లో ఎవరూ ఆ కొండ ఎక్కలేదు. నేనిప్పుడు తాతయ్య వయసుకు దగ్గరపడ్డాను. పిల్లలెవరైనా దూరం పోతున్నారంటే జాగ్రత్తలు చెప్పాలని నా నాలుక దురద పెడుతుంది. బలవంతాన దాన్ని ఆపుకుని, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆడ ఎట్లుంటాది అని అడుగుతాను. వాళ్లు చెప్పేది సగం అర్థం కాదు. అయినా చెప్పడం పూర్తయ్యేదాకా వాళ్లు సర్దుకుంటున్న పెట్టె మూత వేయనివ్వను.